కాల్లో రక్తనాళం బ్లాక్ అన్నారా? ఏ స్కాన్ ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు

నేను తిరుపతిలో స్కానింగ్ టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు. కానీ వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగేది ఇదే: "అన్నా, మా నాయనకి కాల్లో బ్లాక్ ఉందంట, సీటీ తీయించాలా, డాప్లర్ చాలా, ఎంఆర్‌ఐ అయితే ఇంకా బాగా తెలుస్తుందా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక మొత్తం ఒకచోట రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం మా పెదనాయన. పలమనేరు దగ్గర ఊరు. నడిస్తే పిక్క పట్టేస్తోందని చెప్తే నరాల నొప్పి అన్నారు, నడుముకి ఎంఆర్‌ఐ తీయించారు. మనవైపు రక్తనాళాన్నీ నరమే అంటాం, వెన్నుపూస నుంచి వచ్చేదాన్నీ నరమే అంటాం, సగం గందరగోళం ఆ మాటలోనే ఉంది. ఎంఆర్‌ఐలో 68 ఏళ్ల మనిషికి ఉండాల్సిన అరుగుదల ఉండనే ఉంది, దానికి మందులు వాడారు. తర్వాత ఎవరో కాలికి డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) రాశారు, తీసినవాళ్లు సిరలకి, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే నాళాలకి తీశారు, రిపోర్ట్ నార్మల్ అని వచ్చింది. నాకు ఆ రిపోర్ట్ చూపించేసరికి నాలుగు నెలలు గడిచాయి, చిటికెన వేలు నల్లబడింది. కాలు దక్కింది కానీ రెండు వేళ్లు పోయాయి. రెండు స్కాన్‌లకీ డబ్బు కట్టాం, రెండూ అసలు జబ్బున్న చోటు చూడనే లేదు. అందుకే కింద "ఏ స్కాన్ చవక" అన్నదానికంటే "ఏ ప్రశ్నకి ఏ స్కాన్" అన్నదాని మీద ఎక్కువ రాశాను.

అన్నిటికంటే ముందు

కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లగా పాలిపోయి, భరించలేని నొప్పితో పాటు స్పర్శ తెలియకపోయినా, వేళ్లు కదపలేకపోయినా ఈ గైడ్ పక్కన పెట్టేయండి. అది గంటల్లో కాలు పోయే పరిస్థితి, మామూలుగా 6 గంటల లెక్క చెప్తారు. స్కాన్ సెంటర్‌కి వెళ్లకండి, రేపు పొద్దున అనుకోకండి. రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్లండి, ఏ స్కాన్ కావాలో వాళ్లే చూసుకుంటారు. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్లకి ఇలా అవ్వడానికి అవకాశం ఎక్కువ.

మిగతా అందరికీ, అంటే నెలల తరబడి నడక నొప్పి, మానని పుండు, రాత్రి పాదం నొప్పి ఉన్నవాళ్లకి, కింద రాసినది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఈ మధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్ట్, దానితో పాటు ఈజీఎఫ్ఆర్ అంకె (రెండూ కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పేవి)
- వాడుతున్న మందుల చీటీ, ముఖ్యంగా షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు
- పాత స్కాన్‌లు, గుండెకి యాంజియో చేయించి ఉంటే ఆ కాగితాలు కూడా
- స్టెంట్, పేస్‌మేకర్, ఒంట్లో రాడ్ లాంటివి ఉంటే వాటి కార్డు
- ఇంతకుముందు స్కాన్ మందు (నాళాలు కనపడటానికి ఎక్కించేది, కింద మందు అన్నచోట ఎక్కువగా ఇదే) పడకపోయి ఉంటే ఆ వివరం రాసిన కాగితం
- ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు)
- ఒక పెన్‌డ్రైవ్

1. నొప్పి రక్తనాళానిదేనా, ఇంట్లోనే ఒక అంచనాకి రండి

రక్తం చాలక వచ్చే నొప్పి నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది. కొన్ని నిమిషాలు ఊరికే నిలబడినా చాలు, తగ్గిపోతుంది, మళ్లీ దాదాపు అంతే దూరం నడిస్తే మళ్లీ పట్టేస్తుంది. వెన్నుపూస వల్ల వచ్చే నొప్పి అయితే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకి వంగాలి. మనవాళ్లకి దీన్ని చెప్పడం ఇంకా తేలిక: అలిపిరి దారిలో 3,550 మెట్లు కదా, ఎక్కేటప్పుడు పిక్క పట్టేసి ఆగి ఆగి ఎక్కుతున్నారంటే రక్తనాళం మీద అనుమానం రావాలి. ఎక్కేటప్పుడు ముందుకి వంగి బాగానే ఎక్కి, దిగేటప్పుడు కాళ్లు లాగేస్తున్నాయంటే వెన్నుపూస వైపు చూడాలి. ఇది నూటికి నూరుపాళ్లు సరిపోయే సూత్రం కాదు, రెండు జబ్బులూ కలిసి ఉన్న పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, కానీ డాక్టర్‌కి ఈ వివరం చెప్తే తప్పు స్కాన్ రాసే అవకాశం బాగా తగ్గుతుంది.

నొప్పి ఎక్కడ అన్నది కూడా చెప్పండి. పిక్కలో అయితే బ్లాక్ ఎక్కువగా తొడలో ఉంటుంది, పిరుదులో, తొడలో నొప్పి అయితే కడుపులో ఉన్న పెద్ద నాళాల దగ్గర ఉండొచ్చు. రాత్రి పడుకుంటే పాదం మండి, మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటోందంటే జబ్బు ముదిరినట్టే, ఆలస్యం చేయొద్దు.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. స్పర్శ తగ్గిపోయి ఉంటే నడక నొప్పి అసలు తెలియకపోవచ్చు. వాళ్లకి మొదటి గుర్తు చెప్పు రాసుకుని పడిన చిన్న పుండు, అది రెండు వారాలైనా మానకపోవడం.

2. ఏబీఐ చేయించండి, స్కాన్ కంటే ముందు

ఇది స్కాన్ కాదు, బీపీ చూసినట్టే. మనిషిని 5 నుంచి 10 నిమిషాలు పడుకోబెట్టి రెండు చేతులకి, రెండు చీలమండలకి బీపీ పట్టీ కట్టి, చిన్న డాప్లర్ పెన్నుతో పై అంకె చూస్తారు. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తే ఏబీఐ. చేతికి 140 ఉండి చీలమండకి 84 ఉంటే 84ని 140తో భాగిస్తే 0.60 వస్తుంది.

- 0.90 లేదా అంతకంటే తక్కువ: రక్తనాళం జబ్బు ఉన్నట్టు
- 0.91 నుంచి 0.99: అటూ ఇటూ
- 1.00 నుంచి 1.40: మామూలు
- 1.40 దాటితే: నాళం గోడలో సున్నం పేరుకుని పట్టీకి నొక్కుకోవడం లేదు, అంకెని నమ్మకూడదు

ఎక్కువమంది పొరబడేది ఆ చివరి దాని దగ్గరే. షుగర్, డయాలసిస్ ఉన్నవాళ్లకి 1.5 వచ్చిందనుకోండి, "ఎక్కువే ఉంది కదా, రక్తం బాగా ఆడుతోంది" అని సంతోషపడి వెళ్లిపోతారు. అది మంచి వార్త కాదు. అలాంటప్పుడు బొటనవేలి దగ్గర బీపీ చూడాలి, వేలి అంకెని చేతి అంకెతో భాగిస్తే 0.70 కంటే తక్కువ రాకూడదు.

ఏబీఐ మామూలుగా ఉండి నడక నొప్పి మాత్రం ఖచ్చితంగా పైన చెప్పినట్టే ఉంటే, నడిపించి వెంటనే మళ్లీ చూడమని అడగండి. కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం నడిచేటప్పుడు సరిపోకపోవచ్చు.

ఖర్చు చాలా తక్కువ, మందు ఎక్కించేది లేదు, పావుగంట పని. ఇది చేయకుండా నేరుగా సీటీకి పంపిన మనుషుల్ని నేను బోలెడుమందిని చూశాను.

3. "ఇప్పుడు బెలూన్ గానీ బైపాస్ గానీ ఆలోచిస్తున్నారా?" అని అడగండి

బెలూన్ అంటే మూసుకున్న నాళాన్ని లోపలి నుంచి బెలూన్‌తో తెరవడం, బైపాస్ అంటే ఆపరేషన్ చేసి రక్తానికి పక్కదారి వేయడం. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలామందికి స్కాన్ డబ్బు మొత్తం మిగులుతుంది. సీటీ, ఎంఆర్, యాంజియో (నాళంలోకి గొట్టం పంపి తీసేది) ఇవన్నీ రిపేరు చేసేవాడికి కావలసిన మ్యాప్. రిపేరు ఇప్పుడు వద్దనుకుంటే మ్యాప్ కూడా ఇప్పుడు వద్దు. పుండు లేదు, రాత్రి నొప్పి లేదు, అర కిలోమీటరు నడిస్తే పిక్క పడుతోంది అంతే అన్నవాళ్లకి మొదట ఇచ్చే వైద్యం బీడీ, సిగరెట్, చుట్ట పూర్తిగా మానడం, కొలెస్ట్రాల్ మాత్ర, ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, షుగర్ బీపీ అదుపు, ఇంకా పద్ధతిగా నడక. నడక అంటే నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవడం, రోజుకి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాలు. చాలామందికి నడవగలిగే దూరం బాగా పెరుగుతుంది. 12 వారాల తర్వాత కూడా పని చేసుకోలేకపోతున్నారంటే అప్పుడు స్కాన్ మాట.

కానీ మానని పుండు, నల్లబడిన వేలు, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఈ 12 వారాల లెక్క మీకు కాదు. రోజుల్లో స్కాన్ అవ్వాలి, వైద్యం కూడా. డబ్బు మిగుల్చుకుందామని ఇక్కడ ఆగినవాళ్లే వేళ్లు, పాదాలు పోగొట్టుకుంటారు.

4. మొదటి స్కాన్: ఆర్టీరియల్ డాప్లర్

బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఇదే చెప్తుంది: బెలూన్ లేదా బైపాస్ ఆలోచిస్తున్న వాళ్లందరికీ ముందు డాప్లర్ అల్ట్రాసౌండ్, అది చాలకపోతే మందుతో ఎంఆర్ యాంజియో, అది కుదరకపోతే సీటీ యాంజియో. మన దగ్గర రెండో స్థానంలో సర్జన్‌లు ఎక్కువగా సీటీ రాస్తారు, త్వరగా అవుతుంది, దొరుకుతుంది. మొదటి స్థానంలో డాప్లర్ ఉండటం మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే. మందు లేదు, రేడియేషన్ లేదు, అన్నిటిలోకీ తక్కువ ఖర్చు.

చీటీ మీద ఏం రాసి ఉందో కౌంటర్ దగ్గర డబ్బు కట్టకముందే చూడండి. "కాలి డాప్లర్" అని మాత్రమే ఉంటే ఆగండి. డాప్లర్ రెండు రకాలు. సిరలకి తీసేది వీనస్ డాప్లర్, అది రక్తం గడ్డలకి, ఉబ్బిన సిరలకి. మీకు కావలసింది ఆర్టీరియల్ డాప్లర్, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనులకి తీసేది, రెండు కాళ్లకీ, వీలైతే కడుపులో పెద్ద నాళం నుంచి పాదం దాకా. మా పెదనాయన విషయంలో జరిగింది సరిగ్గా ఇదే, చీటీలో ఒక్క మాట లేకపోవడం. డాక్టర్‌కి ఫోన్ చేసైనా సరే ఆ మాట రాయించుకోండి.

వెళ్లేటప్పుడు:

- కడుపులో నాళాలు కూడా చూడాలంటే 6 గంటలు ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లండి, గ్యాస్ ఉంటే కనపడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఆ పూట డోసు గురించి ముందురోజే డాక్టర్‌ని అడగండి, పరగడుపున డోసు వేసుకుని వచ్చి మా వెయిటింగ్ హాల్లో కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లున్నారు.
- ఆ పొద్దున బీడీ, సిగరెట్ వద్దు, నాళాలు ముడుచుకుంటాయి.
- లుంగీ లేదా వదులు బట్టలు. పుండుకి కట్టు ఉంటే విప్పాల్సి వస్తుంది, కొత్త కట్టు సామాను తీసుకెళ్లండి.
- రెండు కాళ్లూ పద్ధతిగా చూడాలంటే 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. రద్దీ తక్కువ ఉన్న టైం అడిగి తీసుకోండి.

డాప్లర్ నాణ్యత యంత్రం కంటే చేసే మనిషి మీద ఎక్కువ ఆధారపడుతుంది, ఇది నేను నమ్మి చెప్తున్న మాట. 10 నిమిషాల్లో ముగించి "బ్లాక్ ఉంది, సీటీ యాంజియో సూచన" అని ఒక్క లైన్ రాసిచ్చే చోట చేయిస్తే ఎంత తక్కువ ధరైనా దండగే. వైద్యం చేయబోయే సర్జన్‌నే అడగండి, "మీరు ఎవరి డాప్లర్ నమ్ముతారు సార్?" అని. వాళ్లు చెప్పిన చోటికే వెళ్లండి, వంద రెండొందలు ఎక్కువైనా ఫర్వాలేదు.

5. డాప్లర్ రిపోర్ట్ చేతికి రాగానే అక్కడే చదవండి

ఇవి ఉన్నాయో లేదో చూడండి:

- నాళం నాళానికీ పేరు విడివిడిగా, కుడి ఎడమ విడివిడిగా
- వేగం అంకెలు. ఇరుకు దగ్గర వేగం దానికి ముందున్న వేగం కంటే రెండింతలు లేదా ఎక్కువ ఉంటే సగానికి మించి మూసుకున్నట్టు. ముందు 80, ఇరుకులో 240 అని ఉంటే మూడింతలు కదా, అది లెక్కలోకి వచ్చే ఇరుకే.
- అల ఆకారం: ట్రైఫేజిక్ మంచిది, మోనోఫేజిక్ అంటే పైన ఎక్కడో అడ్డం ఉందని
- పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఎన్ని సెంటీమీటర్లు, మళ్లీ ఎక్కడ రక్తం మొదలైంది
- మోకాలి కింద ఉండే మూడు నాళాల్లో ఏవి పాదం దాకా వస్తున్నాయి
- సున్నం ఎంత ఉంది, ఏ భాగం కనపడలేదు

చివరిది ముఖ్యం. "గ్యాస్ వల్ల కడుపు భాగం కనపడలేదు" అని నిజాయితీగా రాసిన రిపోర్ట్ మంచి రిపోర్ట్. ఏదీ కనపడకపోయినా అన్నీ నార్మల్ అని రాసినది ప్రమాదం. ఇంకోటి, ఏబీఐ 0.5 వచ్చి డాప్లర్ నార్మల్ అని వస్తే రెండింటిలో ఒకటి తప్పు, ఊరికే ఫైల్‌లో పెట్టేసుకోకండి, డాక్టర్ ముందు రెండూ పక్కపక్కన పెట్టండి.

6. డాప్లర్‌తో సర్జన్ దగ్గరికి వెళ్లండి, నేరుగా ఇంకో స్కాన్‌కి కాదు

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు, చిత్తూరు వాళ్లయితే వెల్లూరు సీఎంసీ, ఎక్కడ చూపించుకున్నా సరే, బెలూన్ లేదా బైపాస్ చేసే మనిషి డాప్లర్ చూశాకే తర్వాతి స్కాన్ నిర్ణయం అవ్వాలి. ఎందుకంటే ఒక్కో చోటు బ్లాక్‌కి ఒక్కో దారి.

గజ్జల్లో నాడి అందడం లేదు, కడుపు లోపలి నాళాల్లో బ్లాక్ అనుమానం: సీటీ యాంజియో ఇక్కడ తన డబ్బుకి తగ్గ పని చేస్తుంది. డాప్లర్‌కి కనపడని చోటు, సీటీకి బాగా కనపడే చోటు.

తొడలో ఒకటే బ్లాక్, డాప్లర్‌లో స్పష్టంగా ఉంది: చాలామంది సర్జన్‌లు మధ్యలో సీటీ లేకుండా నేరుగా యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్లి అదే బల్ల మీద బెలూన్ చేసేస్తారు. "సార్, డాప్లర్ సరిపోతుందా, సీటీ వల్ల మీ ప్లాన్ మారుతుందా?" అని అడగండి. మారదంటే సీటీ అక్కర్లేదు. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మోకాలి కింద బ్లాక్‌లు, పాతికేళ్ల షుగర్ లేదా డయాలసిస్: సీటీలో సున్నం తెల్లగా వెలిగిపోయి లోపల దారి ఉందో లేదో తెలియదు. సన్నటి నాళాల్లో ఇది మరీ ఎక్కువ. ఇలాంటి సీటీలు నేనే ఎన్నో తీశాను, తీస్తూ ఉండగానే తెలిసిపోతుంది, ఇది పనికిరాదు, వీళ్లు మళ్లీ యాంజియో చేయించుకోవాల్సిందే అని. వీళ్లకి డాప్లర్ తర్వాత నేరుగా యాంజియోగ్రామే తక్కువ ఖర్చు అయ్యే సందర్భాలు ఎక్కువ.

కిడ్నీ దెబ్బతిని ఉంటే: వీలైనంత వరకు డాప్లర్ మీదే నడిపించడం, మందు లేకుండా తీసే ఎంఆర్, లేదా అయోడిన్ మందు (సీటీలో, యాంజియోలో మామూలుగా ఎక్కించేది) బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చేసే యాంజియోగ్రామ్. ఇవి అన్నిచోట్లా చేయరు, ముందే అడగాలి.

7. సీటీ యాంజియో తీయించుకునేటట్టయితే

ముందు క్రియాటినిన్. అంకె ఒక్కటే చూసి ధైర్యపడొద్దు. 1.4 అనేది 30 ఏళ్ల మగమనిషికి ఈజీఎఫ్ఆర్ 70 దగ్గర, అదే 1.4 అనేది 72 ఏళ్ల ఆవిడకి 40 దగ్గర. ఒకే అంకె, ఇద్దరి కిడ్నీలూ ఒకటి కాదు. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉంటే కిడ్నీ డాక్టర్‌తో మాట్లాడకుండా మందు ఎక్కించుకోకండి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి కూడా 30 కంటే తక్కువ ఉంటే స్కాన్ రోజు నుంచి ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూశాక మొదలుపెట్టమంటారు. 30 పైన బాగానే ఉన్నవాళ్లు సాధారణంగా ఆపనక్కర్లేదు, అయినా మీ డాక్టర్‌ని ఒకమాట అడగండి.

కౌంటర్‌లో అడగాల్సింది: ఒకే స్కాన్‌గా కడుపు నుంచి పాదాల దాకా తీస్తారా, లేక కడుపుకి ఒక బిల్లు, కాళ్లకి ఒక బిల్లు వేస్తారా? మందు, సూది, క్రియాటినిన్, సీడీ అన్నీ ఆ ధరలోనే ఉన్నాయా? ఫోన్‌లో చెప్పే ధరలో మందు ఖర్చు చాలాసార్లు ఉండదు.

లోపలికి వెళ్లాక టెక్నీషియన్‌కి ఒక మాట చెప్పండి, "బ్లాక్ ఉంది, మోకాలి కింద మందు ఆలస్యంగా చేరొచ్చు" అని. సీటీ బల్ల వేగంగా జరుగుతుంది, బ్లాక్ ఉన్న కాల్లో రక్తం మెల్లగా పోతుంది. మందు కంటే యంత్రం ముందు వెళ్లిపోతే మోకాలి కింద నాళాలు ఖాళీగా కనపడతాయి, తెరిచి ఉన్న నాళాన్ని కూడా బ్లాక్ అని రాసే ప్రమాదం ఉంది. అందుకే మోకాలి నుంచి పాదం దాకా వెంటనే రెండోసారి తీస్తాం. ఇది అక్కడికక్కడ తీయాల్సిందే, మనిషి బల్ల దిగాక చేయలేం. ఈ ఒక్క విషయం మర్చిపోవడం వల్ల మళ్లీ డబ్బు కట్టి మళ్లీ మందు ఎక్కించుకున్న వాళ్లున్నారు, నాకు బాధగా ఉంటుంది.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడి పాకుతుంది, మూత్రం పోసుకున్నట్టు అనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు, నిమిషంలో పోతుంది. దురద, దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం అయితే వెంటనే చెప్పాలి.

8. ఎంఆర్ యాంజియో

అయోడిన్ మందు పడనివాళ్లకి, సున్నం ఎక్కువ ఉన్నవాళ్లకి మంచి దారి, సున్నం దీన్ని సీటీని ఇబ్బంది పెట్టినట్టు పెట్టదు. ఇబ్బందులు: పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి, స్టెంట్ ఉన్నచోట బొమ్మ మాయమై బ్లాక్ లాగా కనపడుతుంది, ఇరుకుని కొంచెం ఎక్కువ చేసి చూపిస్తుంది, చాలాసేపు కదలకుండా పడుకోవాలి. పుండు నొప్పితో ఉన్న పెద్దవాళ్లు కదలకుండా ఉండలేరు, కదిలితే డబ్బు పోయినట్టే, నొప్పి మాత్ర ఎప్పుడు వేయాలో అడిగి వెళ్లండి. దీని గాడోలినియం మందు కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఏ రకం ఇస్తున్నారో అడగాలి, పాత రకాలతో చర్మం గట్టిపడే అరుదైన జబ్బు వచ్చింది, కొత్త రకాలతో ఆ భయం చాలా తక్కువ.

నడుము ఎంఆర్‌ఐ ఉంది కదా అది సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అందులో కాలి నాళాలు ఉండవు.

9. యాంజియోగ్రామ్, అంటే డీఎస్ఏ

గజ్జలో సూది పెట్టి నాళంలోకి సన్న గొట్టం పంపి మందు వదిలి చూసేది. అన్నిటికంటే స్పష్టం, అన్నిటికంటే ఖర్చు, అడ్మిట్ అవ్వాలి, సూది చోట రక్తం కారే అవకాశం ఉంది. ఊరికే చూడటానికి దీన్ని చేయించుకోవడం అంత మంచి బేరం కాదు. ముందే అడగండి: "దారి దొరికితే అదే సిట్టింగ్‌లో బెలూన్ చేస్తారా, ఇంకో రోజు రమ్మంటారా?" రెండుసార్లయితే గది, మందు, సూది అన్నీ రెండుసార్లు. కొన్నిసార్లు బైపాస్ మంచిదా అని ఆలోచించడానికి నిజంగానే ఆగాల్సి వస్తుంది, అది సరైన కారణమే, కానీ ఆ కారణం మీకు ముందుగా తెలియాలి.

అయ్యాక ఆ కాలు మడవకుండా చెప్పినంతసేపు పడుకోవాలి, గజ్జ దగ్గర వాపు, తడి గమనించాలి. కిడ్నీ అనుమానం ఉన్నవాళ్లకి 48 నుంచి 72 గంటల మధ్య క్రియాటినిన్ మళ్లీ చూడాలి.

10. డబ్బు లెక్క ఇలా వేయండి

ధరలు చోటుని బట్టి మారతాయి కాబట్టి మూడు చోట్లకి ఫోన్ చేసి కాగితం మీద రాసుకోండి. స్కాన్ ధర పక్కన మందు, రక్తపరీక్ష, బస్సు లేదా కారు, తోడు వచ్చేవాళ్ల కూలి కూడా రాయండి. పుత్తూరు నుంచో పుంగనూరు నుంచో వచ్చే ఇంటికి రెండో ట్రిప్పు అనేది చిన్న ఖర్చు కాదు.

డాప్లర్ ముందా, నేరుగా సీటీయా అన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది. డాప్లర్ ధరని సీటీ ధరతో భాగించండి. డాప్లర్ 1 వంతు, సీటీ 4 వంతులు అనుకుందాం, అంటే పావు. మీలాంటి పేషెంట్లు నలుగురిలో ఒకరి కంటే ఎక్కువమందికి డాప్లర్‌తోనే పని అయిపోతుందంటే డాప్లర్ ముందు చేయడమే లాభం. తొడ భాగం బ్లాక్‌లకి, డాప్లర్ బాగా చేసే చోట ఇది తేలిగ్గా జరుగుతుంది. గజ్జల్లో నాడే లేని మనిషికి, మంచి డాప్లర్ దొరకని చోట నేరుగా సీటీకి వెళ్లడమే తక్కువ పడొచ్చు. ఈ లెక్కని సర్జన్ ముందు పెట్టి "మాలాంటి కేసులో డాప్లర్‌తో అయిపోయే అవకాశం ఎంత సార్?" అని అడగండి.

కార్డు మీద వైద్యం చేయించుకునేవాళ్లు బయట స్కాన్ తీయించే ముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కనుక్కోండి, ఏ పరీక్ష ప్యాకేజీలో కలుస్తుంది, దేనికి చేతి డబ్బు కట్టాలి అని. తొందరపడి బయట కట్టేసి, ఆ తర్వాత కౌంటర్ దగ్గర గొడవ పడటం చూడలేక చెప్తున్నాను.

11. స్కాన్ సెంటర్ నుంచి బయటికి రాకముందు

పేరు, వయసు, తేదీ, కుడి ఎడమ సరిచూడండి. నొప్పి ఎడమకాల్లో ఉంటే రిపోర్ట్‌లో ఎక్కువ జబ్బు కుడికాల్లో అని ఉంటే అక్కడే అడగండి, అక్షరం తారుమారు అవ్వడం జరిగే విషయమే.

సీడీ అడిగి తీసుకోండి, ఫిల్మ్ ఒక్కటే చాలదు. ఫిల్మ్ మీద ఉండేవి ఏరిన కొన్ని బొమ్మలు, సర్జన్‌కి మొత్తం కావాలి, ఒక మిల్లీమీటర్ లేదా అంతకంటే సన్నటి ముక్కలతో. కౌంటర్‌లోనే ఒక కంప్యూటర్‌లో పెట్టి తెరుచుకుంటోందో చూడమనండి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించుకోండి. ఫిల్మ్‌ని కిటికీకి పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంటారు, దాని మీద ఏ డాక్టరూ నిర్ణయం చెప్పలేడు. వెల్లూరు, చెన్నై వెళ్లినప్పుడు "మళ్లీ తీయాలి" అనడానికి ఎక్కువసార్లు కారణం సీడీ లేకపోవడం లేదా మోకాలి కింద భాగం సరిగ్గా రాకపోవడం. సీడీ ముందు చూపించి, మళ్లీ తీయాలంటే ఏ భాగం చాలలేదో అడగండి. ఆ భాగానికి డాప్లర్ ఒక్కటి చాలేమో కూడా అడగండి.

స్కాన్ తీశాక నెలలు గడిచి, ఈలోగా నడక దూరం తగ్గినా, కొత్త పుండు పడినా పాత మ్యాప్ పనికిరాకపోవచ్చు. ఆ మార్పు ఏ తేదీ నుంచి మొదలైందో సీడీ కవర్ మీద రాసి పెట్టుకోండి, క్రియాటినిన్ అంకె, వాడిన మందు పేరు, ఎంత ఎక్కించారో కూడా అక్కడే రాయండి. తర్వాతి డాక్టర్ మొదట అడిగేవి ఇవే.